రాణి ఉన్నదా, లేదా? – శీతకాలమునకు ముందు తేనెపెట్టె పరీక్ష

తేనెటీగల పెట్టెలో వేలకొలది ఈగలు కాపురముండును. కాని గ్రుడ్లు పెట్టి వంశమును నిలుపునది వానిలో ఒక్కటియే. దానినే రాణి యందుము. పేరునకు రాణియే గాని అది ఆజ్ఞలు ఇచ్చునది కాదు, పాలించునది కాదు; గ్రుడ్లు పెట్టుటయే దాని పని. మంచి కాలమున అది దినమునకు 1500 మొదలు 2000 వరకు గ్రుడ్లు పెట్టగలదు. ఈ ఒక్క ఈగ పోయినచో, తక్కిన వేల ఈగలు ఎంత కష్టించినను ఆ పెట్టెకు ముందు తరము లేదు.

వేసవిలో రాణి పోయినచో ఈగలు తామే మరియొక రాణిని పెంచుకొని ఆ లోటును పూడ్చుకొనగలవు. శీతకాలము వాకిట నిలిచినపుడు మాత్రము వానికి ఆ వ్యవధి చాలదు. అప్పుడు పెంపకందారుడు చేయి అందింపవలెను. అంతకు ముందు అతడు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను: రాణి నిజముగా లేదా, లేక ఉండియు తనకు కనబడలేదా? ఇక్కడ పొరబడినచో బ్రతుకవలసిన పెట్టె నశించును.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలో తేనెటీగలు నెలల తరబడి వెలుపలికి రాలేనంతటి చలి లేదు. అట్టి చలి గల దేశములలోనే ఈ చిక్కు తన పూర్తి రూపములో కనబడును. కావున మొదట ఇంగ్లండు దక్షిణ భాగమునకు పోయి చూతము. అచ్చట పెంచునది ఐరోపా తేనెటీగ. సెప్టెంబరు నడుమ ఒకనాటి మధ్యాహ్నము ఒక పెంపకందారుడు తన పెట్టెను తెరచినాడనుకొందము. ఆగస్టులో తేనె తీసినాడు. ఇప్పుడు చట్రములను ఒక్కొక్కటిగా పైకెత్తి రెండు వైపుల చూచినాడు. ఈగలు నిండుగ నున్నవి. తేనె ఉన్నది. రాణి కనబడలేదు, గ్రుడ్లును కనబడలేదు. ఇప్పుడతడేమి చేయవలెను?

చలిలో ఈగల బ్రతుకు

దీనికి సమాధానము తెలియవలెనన్న ముందు శీతకాలమున పెట్టెలో జరుగునదేమో తెలిసికొనవలెను. చలి దేశములలోని అనేక కీటకములు శీతకాలమంతయు కదలక మెదలక నిద్రావస్థలో పడియుండును. తేనెటీగలు అట్లు నిద్రించవు. బయటి చలి సుమారు 14 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగగానే అవి పట్టుల నడుమ బంతివలె ముద్దగ చేరును. అంచున నున్న ఈగలు తలలు లోపలికి పెట్టి దగ్గరగ ఒదిగి, బంతికి కప్పువలె నిలుచును. లోపలి ఈగలు తేనె త్రాగి, రెక్కలు ఆడింపకుండగనే రెక్కల కండరములను వణకించి వేడి పుట్టించును. సంతానము లేని కాలమున కూడ బంతి నడిభాగమున 20 డిగ్రీలకు తక్కువ కాని వేడి సామాన్యముగ నుండును. సంతానమున్నచో దానిని 34, 35 డిగ్రీల వద్ద నిలుపును. గ్రుడ్లు, పిల్లపురుగులు, మూతవేసిన గదులలోని పిల్లలు – వీని నన్నిటిని కలిపి సంతానమందుము. ఈ వేడికంతకును ఇంధనము తేనెయే. ఇంగ్లండులో ఒక పెట్టెకు శీతకాలము గడచుటకు 18 మొదలు 20 కిలోల వరకు తేనె నిలువ ఉండవలెనని లెక్క.

ఇక ఈగల ఆయుర్దాయము మాట. వేసవిలో పుట్టిన కూలి ఈగ అయిదారు వారములు మాత్రమే బ్రతుకును. ఆగస్టు మొదలు అక్టోబరు వరకు పుట్టునవి అయిదారు మాసములు బ్రతుకును. రెండును ఒక జాతియే, ఒక తల్లి బిడ్డలే. భేదమెచ్చట నున్నదనగా, ఆకు రాలు కాలమున పుట్టిన ఈగ పుప్పొడిని బాగుగ తిని, తన ఒంటిలో క్రొవ్వును మాంసకృత్తులను కూడబెట్టుకొనును. పిల్లలను పెంచు శ్రమ దానికి అంతగా ఉండదు గనుక ఆ నిలువ కరగిపోదు. ఇవే శీతకాలపు ఈగలు. పెట్టెను మార్చి వరకు మోసికొనిపోవునవి ఇవియే.

కాని ఇవియు చిరంజీవులు కావు. జనవరి, ఫిబ్రవరి మాసములలో రాణి మరల కొద్దికొద్దిగ గ్రుడ్లు పెట్ట నారంభించును. ముసలి ఈగలు రాలిపోవుచుండగ క్రొత్త ఈగలు వాని స్థానమున నిలుచును. రాణి లేని పెట్టెలో ఈ మార్పిడి జరుగదు. సెప్టెంబరులో రాణిని పోగొట్టుకొన్న పెట్టె అక్టోబరులో చూడ బాగుగనే ఉండును. డిసెంబరులో సైతము ఈగల రొద వినబడును. మార్చిలో తెరచి చూచినచో పట్టులనిండ తేనె ఉండి, అడుగున చచ్చిన ఈగల కుప్ప ఉండును. నష్టము జరుగునది సెప్టెంబరులో, కనబడునది మార్చిలో. అందువలననే పరీక్ష శీతకాలమునకు ముందే జరుగవలెను.

దినముల లెక్క

తేనెటీగ పెరుగుదలలోని దినముల లెక్క ఇంచుమించు తప్పనిది. గ్రుడ్డు 3 దినములకు చితుకును. గ్రుడ్డు పెట్టిన దినము మొదలుకొని రాణి 16 దినములకు, కూలి ఈగ 21 దినములకు, పోతుటీగ 24 దినములకు గది వెలుపలికి వచ్చును.

రాణి పోయిన సంగతి ఈగలకు కొన్ని గంటలలోనే తెలియును. రాణి దవడల వద్ద నున్న గ్రంథులనుండి ఒక ద్రవ్యము స్రవించును. పరిచర్య చేయు ఈగలు రాణిని నాకి, ఆ ద్రవ్యమును నోటినుండి నోటికి, స్పర్శనుండి స్పర్శకు పెట్టె అంతటను వ్యాపింపజేయును. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనాలయమున కోలిన్ బట్లర్ అను శాస్త్రజ్ఞుడు 1950వ దశకమున దీనిని పరిశోధించి 'రాణి ద్రవ్యము' అని పేరిడెను. తరువాత కొద్ది యేండ్లకే దాని ముఖ్య భాగమైన ఆమ్లమును వేరుచేసి దాని రసాయనిక నిర్మాణమును తెలిసికొనిరి. ఈ ద్రవ్యము అందుట మానినంతనే ఈగలు కలవరపడును. లేత పిల్లపురుగులున్న కొన్ని గదులను పెద్దవి చేసి రాణి గదులుగ మార్చును. కూలి ఈగ కావలసిన పిల్లపురుగునే ప్రత్యేకాహారముతో పెంచినచో రాణి యగును.

ఇప్పుడు లెక్క చూడుడు. జూలై 1వ తేదీన రాణి పోయినదనుకొందము. ఈగలు అప్పుడే చితికిన పిల్లపురుగును ఎన్నుకొన్నచో ఇంచుమించు 12 దినములకు, అనగా 13వ తేదీకి, కన్నెరాణి బయటికి వచ్చును. అది ముదురుటకు అయిదారు దినములు పట్టును. పిదప వెచ్చని మధ్యాహ్నములందు ఎగిరిపోయి ఆకాశముననే పది, ఇరువది పోతుటీగలతో జతకూడి వచ్చును. మరి కొన్ని దినములకు గ్రుడ్లు పెట్టును. అంతయు సరిగా జరిగినచో జూలై నెలాఖరుకు గ్రుడ్లు, ఆగస్టు మూడవ వారమునకు క్రొత్త ఈగలు కనబడును. శీతకాలపు ఈగలను పెంచుటకు ఇంకను వ్యవధి ఉన్నది.

అదే రాణి సెప్టెంబరు 15వ తేదీన పోయినదనుకొందము. కన్నెరాణి 27వ తేదీకి వచ్చును. అక్టోబరు మొదటి వారమున జతకు సిద్ధమగును. కాని అప్పటికి వెచ్చని మధ్యాహ్నము లరుదు. పోతుటీగలు అంతకంటె నరుదు. ఏలయన ఆకు రాలు కాలమున కూలి ఈగలు వానిని పెట్టెనుండి గెంటివేయును. జతకూడని రాణి జీవితాంతము పోతుటీగలనే కనును. ఒకవేళ జత కుదిరినను మొదటి కూలి ఈగ నవంబరు నాటికి గాని పుట్టదు. కావున సెప్టెంబరులో రాణిని పోగొట్టుకొన్న పెట్టెను దాని మానాన విడుచుట తగదు.

కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు

మన పెంపకందారుడు రాణి కనబడలేదనినాడు. ఇది చాల బలహీనమైన సాక్ష్యము. వేలకొలది ఈగల నడుమ, కదలుచున్న చట్రముపై ఒక్క ఈగను పట్టుకొనుట ఆరితేరిన వారికిని ఒక్కొక్కప్పుడు సాధ్యము కాదు. రాణి చట్రము అంచు చాటునకు పోవును, పెట్టె గోడకు ప్రాకును. కన్నెరాణి మరింత సన్నము, మరింత చురుకు.

కావున రాణిని వెదకుటకంటె రాణి చేసిన పనిని వెదకుట మేలు. గ్రుడ్డు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పొడవు గల తెల్లని సన్నని పుల్లవలె నుండును. మొదటి దినమున గది అడుగున నిట్టనిలువుగ, రెండవనాడు వాలి, మూడవనాడు పండుకొని యుండును. సూర్యుడు మన వీపు వెనుక నుండునట్లు నిలిచి, ఎండ భుజము మీదుగ గదుల అడుగున పడునట్లు చట్రమును వంచి చూడవలెను. మబ్బు పట్టిన సాయంకాలమున చూచి గ్రుడ్లు లేవని తీర్పు చెప్పరాదు.

సంతానము గడియారము వంటిది. నిలిచిన గ్రుడ్డు కనబడినచో నిన్ననో నేడో రాణి ఉన్నది. గ్రుడ్లు లేక మూతలేని పిల్లపురుగులు మాత్రమే ఉన్నచో రాణి గ్రుడ్లు మాని 3 దినములు దాటినది, 9 దినములు దాటలేదు. మూతవేసిన గదులు మాత్రమే ఉన్నచో 9 దినములు దాటినవి. కూలి ఈగల సంతానము ఏమియు లేనిచో 21 దినములు దాటినవి. చట్రములను తిప్పి చూచుటకు వీలు కలుగకున్నచో ఈ గడియారమును చదువుట అసాధ్యమై యుండెడిది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్, పట్టుల నడుమ ఈగలు నడచుటకు సరిపడు సందు విడిచి, చట్రములను సులభముగ పైకి తీయదగిన పెట్టెను రూపొందించి ఈ మేలు చేసెను.

కాని గడియారము చెప్పునది రాణి గ్రుడ్లు పెట్టుట ఎప్పుడు మానినదను సంగతియే. రాణి చచ్చినదని కాదు. పూలు తరిగి, ప్రొద్దు కురుచయై, చలి హెచ్చినకొలది మంచి రాణి సైతము గ్రుడ్లు తగ్గించును. నవంబరు నాటికి అనేక పెట్టెలలో పూర్తిగ మానివేయును. కావున జూన్ మాసమున గ్రుడ్లు లేకపోవుట గొప్ప అపాయ సూచన; అక్టోబరు చివర గ్రుడ్లు లేకపోవుట సహజము. ఒకే గుర్తు కాలమును బట్టి వేరు వేరు అర్థములిచ్చును. తోటలోని తక్కిన పెట్టెలతో పోల్చి చూచుట మంచిది. అవియు గ్రుడ్లు మానినచో తొందరపడ నక్కరలేదు. అవి పెట్టుచుండగ ఇదియొక్కటే మానినచో అనుమానింపవలెను.

మరికొన్ని చిన్న గుర్తులు కలవు. నడి చట్రములలోని ఖాళీ గదులను ఈగలు నాకి మెరుగు పెట్టి సిద్ధముగ నుంచినచో, గ్రుడ్లు పెట్టు రాణి కొరకు ఎదురుచూచుచున్నవని తలంపవచ్చును. ఆ గదులను తేనెతో నింపివేసినచో అనుమానము బలపడును. ఇతర పెట్టెలు పోతుటీగలను వెళ్లగొట్టిన పిదప కూడ ఒక పెట్టె వానిని ఉంచుకొన్నచో అదియు అనుమానింపదగినదే. రాణి లేని పెట్టె మూత తీయగానే ఈగలు రెక్కలతో దీర్ఘమైన మూలుగు వంటి రొద చేయుట కూడ కలదు. వీనిలో ఏ ఒక్కటియు తీర్పు కాదు. ఈగలు పుప్పొడి మోసికొని వచ్చుచున్నవి గనుక రాణి ఉన్నదనుట కూడ నమ్మదగిన మాట కాదు.

నాలుగు అవకాశములు

గ్రుడ్లు కనబడని పెట్టెలో నాలుగు స్థితులలో ఏదైన ఉండవచ్చును. మొదటిది, రాణి క్షేమముగ నుండి గ్రుడ్లు మాత్రము మానుట. రెండవది, పాత రాణి పోయి కన్నెరాణి పుట్టి, ఇంకను జతకూడకుండుట. మూడవది, రాణి ఇటీవలనే పోయి, చట్రము ముఖముననో అంచుననో వేరుసెనగకాయ వలె వ్రేలాడు రాణి గదులు ఉండుట. నాలుగవది, రాణియు, రాణిని పెంచుకొనుటకు తగిన లేత పిల్లపురుగులును లేక నిస్సహాయ స్థితిలో నుండుట.

ఈ నాలుగవ స్థితి ముదిరినచో మరియొక చిక్కు పుట్టును. రాణి వాసనయు సంతానపు వాసనయు లేనందున కొన్ని వారములకు కొందరు కూలి ఈగల అండాశయములు పెరిగి అవియే గ్రుడ్లు పెట్ట మొదలిడును. అవి జతకూడినవి కావు. ఫలదీకరణము కాని గ్రుడ్డునుండి పోతుటీగయే పుట్టునని 1845లో సైలీషియాకు చెందిన జాన్ జీర్జోన్ అను మతాచార్యుడు ప్రకటించెను. కావున ఈ గ్రుడ్లవలన పెట్టె నిలువదు. వీనిని గుర్తించుట సులభము: ఒక్కొక్క గదిలో అనేక గ్రుడ్లుండును, కూలి ఈగ పొట్ట కురుచ గనుక అవి అడుగున గాక గది గోడలకు అంటియుండును. చిన్న గదులపై బోర్లించిన గిన్నెల వంటి ఎత్తైన మూతలు కనబడును. క్రొత్తగ గ్రుడ్లు పెట్టు రాణి కూడ మొదట కొన్ని దినములు ఒక గదిలో రెండేసి పెట్టవచ్చును. కాని అవి అడుగుననే ఉండును. అడుగున ఒక్కొక్కటే ఉండియు అన్నియు పోతుటీగలే అగుచున్నచో జతకూడని రాణియో, నిలువ వీర్యము తరిగిన ముసలి రాణియో ఉన్నదని తెలియవలెను.

సాక్ష్యము చెప్పు చట్రము

ఈ అవకాశములను వేరుచేయుటకు పెంపకందారుల కొక చక్కని పరీక్ష కలదు. మంచి రాణి ఉన్న మరియొక పెట్టెనుండి గ్రుడ్లు, లేత పిల్లపురుగులు గల ఒక చట్రము తీసి, ఆ రాణి దానిపై లేదని నిశ్చయించుకొని, ఈగలను దులిపివేసి, అనుమానపు పెట్టె నడుమ ఉంచవలెను. చట్రముపై ఒక గుర్తు పెట్టవలెను. మూడు నాలుగు దినములకు దానిని తీసి చూడవలెను. దానిపై రాణి గదులు కట్టనారంభించినచో పెట్టెలో రాణి లేదు. కట్టక, పిల్లపురుగులను మామూలుగ పెంచుచున్నచో ఏదో ఒక రాణి, కన్నెదైనను, లోపల ఉండి తీరవలెనని అనుకొనవచ్చును. మనము అడిగిన ప్రశ్నకు ఈగలే సమాధానము చెప్పును.

ఈ పరీక్ష లేకుండ తొందరపడినచో నష్టమేమి? లోపల కన్నెరాణి ఉండగ, లేదనుకొని క్రొత్త రాణిని కొని ప్రవేశపెట్టినచో ఈగలు క్రొత్తదానిని చంపివేయును. లోపల పనికిరాని రాణి ఉండగ మంచి పెట్టెతో కలిపినచో రెండు రాణుల పోరులో మంచిదే చావవచ్చును. అప్పుడు ఒక పెట్టెకు బదులు రెండు పెట్టెలు నష్టమగును. నాలుగు దినముల ఓపిక ఈ నష్టమును తప్పించును. అయితే చలి ముదిరిన పిదప ఈ పరీక్ష సాగదు: తక్కిన పెట్టెలలోను గ్రుడ్లు దొరకవు, చట్రములను బయటికి తీసినచో సంతానము చలికి చచ్చును. అందువలన ఆగస్టు చివరనో సెప్టెంబరు మొదటనో చూచుట ఉత్తమము.

ఏమి చేయవలెను?

రాణి లేదని తేలినచో రెండు దారులు కలవు. పెట్టె బలముగ నుండి, సెప్టెంబరు గడచిపోక, జతకూడిన రాణి దొరకినచో దానిని ప్రవేశపెట్టవచ్చును. ముందుగ పెట్టెలోని రాణి గదులన్నిటిని తీసివేయవలెను. క్రొత్త రాణిని చిన్న పంజరములో ఉంచి, ద్వారమును మెత్తని చక్కెర ముద్దతో మూసి, చట్రముల నడుమ వ్రేలాడదీయవలెను. ఈగలు ఆ ముద్దను తినివేయు లోపల రాణి వాసన వానికి అలవాటగును. ఆ పిదప ఒక వారము పెట్టెను కదపరాదు. ఆ రాణి శీతకాలపు ఈగలను ఎక్కువగ కనలేదు గనుక, బలమైన పెట్టెనుండి మూతవేసిన సంతానపు చట్రమొకటి తెచ్చి ఇచ్చుట మేలు.

పెట్టె బలహీనముగ నున్నను, కాలము మించినను రెండవ దారియే సరియైనది: రాణి ఉన్న పెట్టెతో కలిపివేయుట. ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క వాసన ఉండును. నేరుగ కలిపినచో రెండు పెట్టెల ఈగలు పోరాడి చచ్చును. దీనికి వార్తాపత్రిక కాగితము మంచి సాధనము. సాయంకాలమున రాణి ఉన్న పెట్టె మూత తీసి, చట్రములపై ఒక్క పొర కాగితము పరచి, గుండుసూదితో నాలుగైదు రంధ్రములు పొడిచి, దానిపై రాణి లేని పెట్టెను అడుగుపలక తీసి ఉంచవలెను. ఈగలు కాగితమును కొరికి తొలచుటకు రెండు మూడు దినములు పట్టును. ఆలోగా వాసనలు కలిసిపోవును. వారము గడచిన పిదప చట్రములను సర్దుకొనవచ్చును.

కలుపుటకు ముందు రెండు సంగతులు చూడవలెను. మొదటిది రోగము. పిల్లలు కుళ్లు అంటురోగమున్న పెట్టెను ఎన్నడును కలుపరాదు. రెండవది వరోవా అను నల్లి వంటి పురుగు. జావా ద్వీపమున ఆసియా తేనెటీగపై దీనిని మొదట కనుగొని 1904లో వర్ణించిరి. తరువాత దానికి దగ్గరి జాతి యొకటి ఐరోపా తేనెటీగకు సోకి ప్రపంచమంతట వ్యాపించెను. మూతవేసిన గదులలో పిల్లలపై పెరుగుచు శీతకాలపు ఈగల ఆయువును తగ్గించును. ఈగలు తరిగినవన్న కారణముచేత రాణిపై నింద మోపుటకు ముందు ఈ పురుగును వెదకవలెను. సంతానము లేని కాలమున దానికి దాగుకొనుటకు చోటు ఉండదు గనుక చికిత్స బాగుగ పనిచేయును.

కూలి ఈగలు గ్రుడ్లు పెట్టుచున్న పెట్టె సంగతి వేరు. అవి క్రొత్త రాణిని సాధారణముగ సహింపవు. ఆకు రాలు కాలమున అట్టి పెట్టెను కాపాడ బూనుటకంటె, వెచ్చని మధ్యాహ్నమున కొంత దూరముగ తీసికొనిపోయి చట్రములమీది ఈగలను గడ్డిపై దులిపివేసి, పాత స్థానమునుండి పెట్టెను తొలగించుట మేలు. ఎగురగలిగిన ఈగలు ఇరుగు పొరుగు పెట్టెలలో చేరిపోవును.

పెట్టెల సంఖ్య తగ్గినదని విచారింపరాదు. చిన్న గుంపు వేడిని నిలుపుకొనలేదు. ఒక్కొక్క ఈగపై ఎక్కువ భారము పడును. రెండు బలహీనమైన పెట్టెలు శీతకాలమున రెండును చచ్చు చోట, కలిపిన ఒక్క పెట్టె బ్రతుకును. వసంతమున దానినే రెండుగ విభజించుకొనవచ్చును.

మన పెట్టెల మాట

ఇది యంతయు మనకేల అనవచ్చును. ఐరోపా తేనెటీగను 1960వ దశకమున పంజాబు, హిమాచల ప్రాంతములలో విజయవంతముగ నెలకొల్పిరి. తరువాత అది దేశమున అనేక భాగములకు వచ్చినది. హిమాచల కొండలలోను కాశ్మీరులోను పైన చెప్పిన శీతకాలపు చిక్కు ఇంచుమించు అట్లే ఉండును.

మన ఊళ్లలో చెట్టు తొర్రలలోను పుట్టలలోను పట్టులు పెట్టు దేశవాళీ తేనెటీగకు కరవు కాలము శీతకాలము కాదు. ఎడతెగని వానలలోను, పూలు లేని నడివేసవిలోను మకరందము, పుప్పొడి తరిగి రాణి గ్రుడ్లు తగ్గించును. ఆ దినములలో గ్రుడ్లు కనబడనంత మాత్రమున రాణి పోయినదని తీర్పు చెప్పరాదు. పలుచని చక్కెర పానకము కొన్ని దినములు పెట్టి మరల చూచినచో మంచి రాణి మరల గ్రుడ్లు పెట్టుట కనబడవచ్చును. చట్రము పరీక్ష, కాగితముతో కలుపు పద్ధతి మన పెట్టెలకును పనికివచ్చును.

రెండు సంగతులలో మాత్రము మనవారు మరింత జాగ్రత్త వహింపవలెను. దేశవాళీ ఈగలలో రాణి పోయిన పిదప కూలి ఈగలు గ్రుడ్లు పెట్టుట త్వరగ మొదలగును. కావున అనుమానము కలిగినచో వారముల తరబడి ఊరకుండరాదు. మాటిమాటికి పెట్టె తెరచి కలవరపెట్టినచో ఈ జాతి ఇల్లు విడిచి లేచిపోవును. కావున చూచునది కొద్దిసేపు చూచి, చూచిన తేదీని, కనబడిన సంతానమును ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. రెండు తేదీల నడుమ గడచిన దినములే సగము సమాధానము చెప్పును.

మన ఇంగ్లండు పెంపకందారుడు ఆనాటి మధ్యాహ్నము చేయదగిన పని, తొందరపడి రాణిని కొనుట కాదు; రేపు చూతములెమ్మని మూత వేయుటయు కాదు. ప్రక్క పెట్టెనుండి గ్రుడ్లున్న చట్రమొకటి తెచ్చి నడుమ ఉంచి, తేదీ వ్రాసికొని, నాలుగవనాడు మరల చూడవలెను. ఈగలు ఇచ్చిన సమాధానమును బట్టి ఆ వారముననే రాణిని ఇచ్చుటయో, పెట్టెను కలుపుటయో, ఉన్న రాణికి కాలమిచ్చుటయో చేసినచో మార్చి మాసమున మూత తీసినపుడు అతనికి ఈగల రొద వినబడును.